బ్రేకు తీగెలును ఊత తీగెలును

ప్రతి శనివారము సాయంకాలము మన పాఠశాల సైకిలు చావడియొద్ద విద్యార్థులు పానాలును గుడ్డపేలికలును పట్టుకొని కూర్చుండుట చూచి, "వీరిక్కడ ఏమి చేయుచున్నారు?" అని తల్లిదండ్రులు కొందఱు మమ్ము అడిగియున్నారు. వారికి సమాధానము చెప్పవలెననియు, ఆ పనిలోని శాస్త్రమును విద్యార్థులకు వరుసగా బోధింపవలెననియు తలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. బండిని నిలుపు బ్రేకు తీగెలును, భారమును మోయు ఊత తీగెలును మా విషయము. సైకిలుతో మొదలిడి, మైక్రోలైటు అను తేలిక విమానముతో ముగింతుము. ఈ రెండు వాహనములకును గల చుట్టఱికము మీరనుకొనునంత దూరపుది కాదు.

ఈ పని ఎట్లు మొదలైనది?

రెండేండ్ల క్రిందట, వానకాలమున, ఎనిమిదవ తరగతి బాలుడొకడు తన చెల్లెలిని వెనుక క్యారియరుపై కూర్చుండబెట్టుకొని రేపల్లె మార్గమున నున్న తన గ్రామమునుండి బడికి వచ్చుచుండెను. వాని సైకిలునకు వెనుక బ్రేకు చాలకాలముగా లేదు. ముందు బ్రేకు మాత్రమే ఆధారము. ఒకనాడు మేము చావడిలో నడచుచు, ఆ ముందు బ్రేకు పిడియొద్ద తీగె పోగులు మీసములవలె విచ్చియుండుట చూచితిమి. "నాయనా, ఈ తీగె మార్పించుకొనుము" అంటిమి. "బాగానే పట్టుచున్నది, మాస్టారూ" అని వాడు నవ్వెను. మేమును నవ్వి తరగతికి పోతిమి.

మూడవనాడు కాలువ వంతెన దిగునపుడు ఆ తీగె తెగెను. ఎదుట నొక ఎడ్లబండి యున్నది. బాలుడు హ్యాండిలును గట్టు వైపునకు త్రిప్పి, చెల్లెలితో కూడ బురదలో పడెను. చెల్లెలికి గీతలే తగిలినవి. వాని చేయి విఱిగెను. మఱునాడు తండ్రి పాఠశాలకు వచ్చి, "బ్రేకు సంగతి వాడు నాతో చెప్పనేలేదు, మాస్టారూ. మీరు చూచితిరట గదా. మీరైన నాకొక మాట చెప్పియుండరాదా?" అనెను. ఆ మాటకు మాయొద్ద ఉత్తరము లేకపోయెను. ఆ వారమునుండియే శనివారపు పరిశీలన ప్రారంభమైనది.

బ్రేకు చేయు పని

పరుగెత్తు బండిలో చలనశక్తి యున్నది. బ్రేకు ఆ శక్తిని మాయము చేయదు. రాపిడిచే వేడిమిగా మార్చును. పెద్ద వాలు దిగి వచ్చినపుడు బ్రేకు రబ్బర్లు వెచ్చబడుటకు కారణమిదియే.

వేగము రెండింతలైనచో చలనశక్తి రెండింతలు గాక నాలుగింతలగును. ఒక లెక్క చూడుడు. గంటకు 18 కిలోమీటర్ల వేగమనగా సెకండునకు 5 మీటర్లు. మంచి బ్రేకు ప్రతి సెకండునకు 3 మీటర్ల చొప్పున వేగమును తగ్గించుననుకొందము. బండి నిలుచుటకు సుమారు 4 మీటర్లు పట్టును. వేగము గంటకు 36 కిలోమీటర్లైనచో, అదే బ్రేకుతో సుమారు 17 మీటర్లు పట్టును. అపాయమును కన్ను చూచి చేయి పిడిని నొక్కునప్పటికి ఒక సెకండు గడచుననుకొన్నచో, మొదటిదానికి 5 మీటర్లును, రెండవదానికి 10 మీటర్లును చేర్పవలెను. మొత్తము 9 మీటర్లెక్కడ, 27 మీటర్లెక్కడ! మన కాలువ వంతెనలకు ఇరువైపుల నున్న వాలులు చిన్నవే కావచ్చును. కాని వాలు దిగునప్పుడు వేగము రెండింతలగుటకు ఎంతో సేపు పట్టదు.

రిమ్ము తడిసినపుడు నీరు రబ్బరునకును ఇనుమునకును నడుమ పొరవలె నిలిచి రాపిడిని తగ్గించును. కాబట్టి వానలో బ్రేకును ముందుగానే, మెల్లమెల్లగా, రెండు మూడు మాఱులు నొక్కి రిమ్మును తుడువనిచ్చి, తరువాత గట్టిగా పట్టవలెను.

తీగె చేయు పని

పాతకాలపు సైకిళ్లలో బ్రేకు పిడినుండి రిమ్ము వఱకు ఇనుప కడ్డీలే యుండెడివి. ఆ కడ్డీ బ్రేకుల బండ్లు మన పల్లెలలో ఇప్పటికిని అక్కడక్కడ కనబడును. కడ్డీ సూటిగానే పోగలదు. వంకరగా పోవలసినచోట మెత్తని తీగె కావలెను. తీగెను గొట్టములో నడుపు ఈ పద్ధతికి ఎర్నెస్టు బౌడెను 1896లో పేటెంటు పొందెను. నేటికిని దీనిని బౌడెను తీగె యందురు. లోపలి తీగె లాగును. పై గొట్టము అంతే బలముతో ఎదురు త్రోయును. లోపలి తీగె ఎంత మంచిదైనను, పై గొట్టము నలిగినచో లేక చివఱ విచ్చుకొన్నచో బలము రబ్బరునకు చేరదు. ఈ సంగతిని పెక్కుమంది మఱచుచున్నారు.

సైకిలు బ్రేకు తీగె సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు లావుండును. చూపునకు ఒక్కటిగా కనబడినను, అది సాధారణముగా 19 సన్నపు ఉక్కు పోగుల పేనిక. ఒకే లావుపాటి పోగు నుంచినచో అది వంగునప్పుడు త్వరగా విఱుగును. సన్నపు పోగులు మెత్తగా వంగును. గడ్డిపోచలు కూడి మోకైనచో ఏనుగునైన కట్టవచ్చునని పెద్దలందురు. ఆ మాటను తలక్రిందుగా చదివిన మఱియొక పాఠము దొరకును. ఆ పోచలు ఒక్కటొక్కటిగా తెగుచున్నచో ఏనుగు ఏమగును?

తీగెపై 57 కిలోగ్రాముల బరువునకు సమానమగు లాగుడు పడినదనుకొనుడు. 19 పోగులును బాగున్నచో ఒక్కొక్కదానిపై 3 కిలోగ్రాములు పడును. నాలుగు తెగినచో మిగిలిన 15 పోగులపై 3.8 చొప్పున పడును. తొమ్మిది తెగినచో మిగిలిన పదింటిపై 5.7 చొప్పున పడును. కాబట్టి మొదటి పోగు తెగుటకు నెలలు పట్టవచ్చును. చివఱి పోగులు తెగుటకు ఒక్క గట్టి పట్టు చాలును. ఇంకొక సంగతి గమనింపుడు. పోగులు సగము తెగినను బ్రేకు పట్టుచునే యుండును. "బాగానే పట్టుచున్నది" అని ఆ బాలుడు పలికినది అబద్ధము కాదు. అయినను పట్టుట వేఱు, బలముండుట వేఱు.

తీగె ఎక్కడ తెగును? నడుమ తెగుట అరుదు. పిడిలో నమరు లోహపు గుండు దగ్గఱ తీగె ప్రతి పట్టునకును వంగి లేచుచుండును గనుక అచ్చట అలసి తెగును. రెండవ చివఱ నట్టు క్రింద నలిగి తెగును. గొట్టములోనికి ప్రవేశించుచోట ఒరసికొని అరుగును. చూడవలసిన స్థలములు ఈ మూడు.

రైలుబండి బ్రేకు నేర్పు పాఠము

తెనాలి జంక్షనులో రైలు నిలుచుట మీరందఱు చూచినదే. పెట్టెకును పెట్టెకును నడుమ వ్రేలాడు లావుపాటి రబ్బరు గొట్టములను ఎప్పుడైన పరికించితిరా? వానిలో గాలి, చదరపు సెంటీమీటరునకు 5 కిలోగ్రాముల ఒత్తిడితో నిండియుండును. గాలితో బ్రేకు పట్టుదురని మీరనుకొందురు. అది నిజమే గాని, గొట్టములోని ఒత్తిడి నిలిచియున్నంతసేపు బ్రేకు వదలియుండును. ఒత్తిడి తగ్గినచో, ప్రతి పెట్టె క్రిందను నిలువయున్న గాలి బ్రేకును పట్టించును. గొట్టము తెగినను, పెట్టెలు విడిపోయినను, రైలు తనంతట నిలిచిపోవును. ప్రయాణికుడు ఆపద గొలుసు లాగినపుడు జరుగునదియు ఇట్టిదే. ఈ ఏర్పాటును అమెరికా దేశస్థుడగు జార్జి వెస్టింగ్‌హౌసు 1872లో కనిపెట్టెను.

ఇందలి నీతి యేమి? రైలు బ్రేకులో లోపము కలిగినపుడు ఆ లోపమే బండిని నిలుపును. మన సైకిలు బ్రేకు అట్టిది కాదు. తీగె తెగినచో బండి నిలువదు. యంత్రము తన్ను తాను కాపాడుకొనలేని చోట, కాపాడు పని మన కన్నులకును చేతులకును సంక్రమించును. ఈ ఒక్క మాటను విద్యార్థులు మనస్సున నాటించుకొన్నచో ఈ వ్యాసము యొక్క ప్రయోజనము నెఱవేఱినట్లే.

ఊత తీగెలు

ఇంతవఱకు లాగి వదలు తీగెను గూర్చి చెప్పితిమి. ఎల్లప్పుడును బిగువుగా నుండి భారము మోయు తీగె మఱియొకటి కలదు. దీనికి మన ప్రాంతపు పడవలే మంచి ఉదాహరణము. పూర్వము కొమ్మమూరు కాలువమీదుగా పడవలు పెదగంజాము వఱకు పోయి, అచ్చట బకింగుహాము కాలువలో ప్రవేశించి, మద్రాసు దిక్కునకు సాగెడివి. తెరచాప కొయ్యను నిలువుగా నుంచుటకు ఇరుప్రక్కల త్రాళ్లు కట్టుదురు. గాలి కుడివైపునుండి వీచినచో కుడి త్రాడు భారమంతయు మోయును. ఎడమ త్రాడు సడలియుండును. సడలిన త్రాడు పనిలేనిదని విప్పివేయు పడవవాడుండడు. గాలి మళ్లినంతనే దాని వంతు వచ్చును.

విమానమునకును ఈ విద్యయే ఆధారమైనది. 1903 డిసెంబరు 17న మొదటి యంత్రవిమానమును ఎగురవేసిన రైటు సోదరులు డేటను పట్టణమున సైకిళ్లు చేసి అమ్మి బాగుచేయువారు. వారి విమానమున రెండంతస్తుల రెక్కలను బిగించినవి ఉక్కు తీగెలు. ఇంజనునుండి పంఖాలను త్రిప్పినవి సైకిలు గొలుసువంటి గొలుసులు. సైకిలు తీగెను శ్రద్ధతో చూచు చేయియే విమానపు తీగెను చూడనేర్చినది.

మన విద్యార్థులలో ఎన్.సి.సి. వైమానిక విభాగమున చేరగోరువారు కొందఱు కలరు. ఆ విభాగమున క్యాడెట్లకు మైక్రోలైటు విమానములపై ఎగురుట నేర్పుదురు. మైక్రోలైట్లలో రెండు తెగలు కలవు. ఒక తెగ చిన్న విమానమువలెనే యుండును. రెండవ తెగలో పైన గుడ్డతో చేసిన త్రికోణపు రెక్కయు, దాని క్రింద వ్రేలాడు మూడు చక్రముల బండియు, బండి వెనుక ఇంజనును పంఖాయు నుండును. ఇట్టి మెత్తని రెక్కను ఫ్రాన్సిసు రోగల్లో అను అమెరికా ఇంజనీరు 1948లో భార్యతో కలిసి గాలిపటముగా ఎగురవేసెను. ఇప్పుడు చెప్పబోవునది ఈ రెండవ తెగను గూర్చియే.

ఆ రెక్కకు క్రింది తీగెలును, పై తీగెలును ఉండును. గాలిలో నున్నపుడు రెక్క పైకి ముడుచుకొనకుండ క్రింది తీగెలు పట్టియుంచును, భారమంతయు వానిదే. నేలమీద నున్నపుడు రెక్క తన బరువుచే క్రిందికి వ్రేలాడకుండ పై తీగెలు పట్టియుంచును. పడవ కొయ్య త్రాళ్లవలె వీనిలో ఒకటి బిగిసినపుడు రెండవది సడలును. బండియు మనుష్యులును కలిసి 300 కిలోగ్రాములున్నారనుకొనుడు. ఎత్తు తగ్గక, 60 డిగ్రీలు ఒరిగి మలుపు తిరిగినపుడు రెక్కకు ఆ బరువు 600 కిలోగ్రాములవలె తోచును. మలుపులో తీగె తెగినచో రైలుబండివలె నిలుచుటకు ఆకాశమున తావు లేదు.

అందుచే ప్రతి ప్రయాణమునకు ముందు వైమానికుడు తీగెలను ఒక చివఱనుండి రెండవ చివఱ వఱకు గుడ్డతో తుడుచుచు పోవును. తెగిన పోగున్నచో గుడ్డను పట్టుకొనును. వట్టి చేతితో తుడిచినచో చేయి కోసికొనును. చివఱల తీగెను మడచి నొక్కిన లోహపు తొడుగులనుండి తీగె జాఱినదేమో చూచును. తొడుగు అంచున రంగు గుఱుతు పెట్టియుంచినచో జాఱుడు ఇట్టే తెలియును. రెక్కను మడచి బండిపై తరలించునపుడు తీగె మెలిపడి నొక్కుకొనుట కలదు. ఒకసారి నొక్కు పడిన తీగెను చక్కదిద్ది వాడరాదు, మార్చవలసినదే. పైకి ప్లాస్టికు పూత యున్న తీగె చూచుటకు శుభ్రముగా నుండును గాని లోపలి త్రుప్పును దాచును. ప్రతి బోల్టునకును నట్టు వదలిపోకుండ అడ్డపిన్ను ఉన్నదో లేదో చూడవలెను.

ఆ బండికి బ్రేకులును కలవు. కొన్నిటికి ముందు చక్రమునకును, కొన్నిటికి వెనుక రెండు చక్రములకును ఉండును. వెనుక రెండు చక్రములకు బ్రేకులున్నచో రెండును సమానముగా పట్టవలెను. ఒక యెద్దు నిలిచి రెండవ యెద్దు నడచినచో బండి ప్రక్కకు తిరుగునట్లు, ఒక చక్రమే పట్టినచో విమానమును ప్రక్కకు తిరుగును. ఇంజను తిరుగుచుండగా బండిని నిలిపియుంచునది ఈ బ్రేకే. దాని యెదుట మనుష్యులుందురు, వెనుక పంఖా తిరుగుచుండును. విమానమును ముట్టి బాగుచేయుట శిక్షణ పొందినవారి పని. విద్యార్థులు చేయి పెట్టరాదు. మేము దానిని వర్ణించినది, అంతటి వాహనమునకు చేయు పరీక్ష మీ సైకిలునకు చేయు పరీక్షవంటిదే యని చూపుటకు మాత్రమే.

ఉప్పుగాలి

మన ప్రాంతమునకు ఒక ప్రత్యేకమగు కష్టము కలదు. బాపట్లనుండి సూర్యలంక తీరమునకును, రేపల్లెనుండి నిజాంపట్నమునకును విహారమునకై సైకిళ్లపై పోవు విద్యార్థులు పెక్కుమంది. సముద్రపు తేమలోని ఉప్పు ఉక్కునకు త్రుప్పును త్వరపెట్టును. తీగె పైభాగము ఎండలో ఆఱును గాని, గొట్టములో చేరిన ఉప్పు తేమను పట్టి యుంచును. లోపల త్రుప్పుపట్టిన తీగె ముందు బరువుగా కదలును, పిదప పిడి వదలినను వెనుకకు రాదు, తుదకు తెగును. తీరమునుండి వచ్చిన సాయంకాలమే మంచినీటితో తడిపిన గుడ్డచే తీగెను, రిమ్మును తుడిచి, పొడిగుడ్డతో ఆఱదుడిచి, తీగె గొట్టములోనికి పోవుచోట రెండు చుక్కలు నూనె వేయవలెను. రిమ్మునకును, బ్రేకు రబ్బరునకును నూనె తగులనీయరాదు. తగిలినచో బ్రేకు పట్టదు.

పరీక్షించు క్రమము

ప్రతిదినము బండి యెక్కక ముందు చేయవలసినవి:

1. రెండు పిడులను గట్టిగా నొక్కి పట్టి బండిని ముందునకును వెనుకకును త్రోయుడు. చక్రము తిరుగరాదు.

2. పిడి హ్యాండిలునకు తగులరాదు. నడుమ రెండు వ్రేళ్ల సందైన మిగులవలెను. తగులుచున్నచో తీగెను బిగింపవలెను.

3. పిడి వదలినంతనే రబ్బర్లు రిమ్మును విడువవలెను.

వారమునకొకసారి చేయవలసినవి:

4. పిడిని నొక్కి, గుండు దగ్గఱ తీగెను వెలుతురులో చూడుడు. ఒక్క పోగు తెగినను తీగెను మార్పించుడు. దారముతోను, వేఱొక తీగె ముక్కతోను కట్టి నడుపరాదు.

5. రబ్బర్లు రిమ్మునకే తగులుచున్నవా, టైరును రాచుచున్నవా చూడుడు. టైరును రాచినచో కొన్నాళ్లకు ట్యూబు పగులును. గాడులు అరిగిపోయిన రబ్బరును మార్పవలెను.

6. తీగెను బిగించు నట్టు, రబ్బర్ల నట్లు పానాతో పరీక్షింపుడు. కడ్డీ బ్రేకులకు తీగె లేకున్నను కీళ్లును నట్లును కలవు, వానిని చూడుడు.

7. చూచిన తేదీని, మార్చిన భాగమును ఒక చిన్న పుస్తకమున వ్రాసికొనుడు. విమానములకు ఇట్టి పుస్తకము తప్పనిసరి. మనకును అది మేలు.

బండి నడుపునపుడు రెండు బ్రేకులను కలిపి పట్టుడు. బండి నిలుచునపుడు బరువు ముందునకు వ్రాలును గనుక ముందు బ్రేకునకే బలమెక్కువ. అయినను దానినొక్కదానినే హఠాత్తుగా పట్టినచో బండి తలక్రిందగును. ఇసుకలోను బురదలోను ముందు చక్రము జాఱును. ఒక బ్రేకు లేని బండిపై మఱియొకరిని ఎక్కించుకొనరాదు.

తల్లిదండ్రులకు మనవి

బ్రేకు తీగె వెల స్వల్పము. దానిని మార్పించుటకు మన పిల్లలకు అడ్డమగునది వెల గాదని మాకు తోచినది. "ఇంతలోనే ఏమి పాడుచేసితివి?" అను గద్దింపునకు వెఱచి వారు చెప్పరు. తీగె తెగుట పిల్లవాని తప్పు కాదు. పని చేసిన తీగె అరుగును. చెప్పకపోవుటయే తప్పు. చెప్పినవానిని మెచ్చుకొనుడు. వారమునకొకసారి మీరును పిడిని నొక్కి చూడుడు. లోపమును చూచిన ఉపాధ్యాయుడు నవ్వి పోక, పిల్లవానితో ఒకమాటయు, ఇంటికి ఒక చీటియు పంపవలెనని మా పాఠశాలలో ఏర్పాటు చేసికొన్నాము. ఈ ఏర్పాటు మాకు ఒక తండ్రి నేర్పినది.

ఆ బాలుని చేయి నయమైనది. వాడిప్పుడు పదవ తరగతి. శనివారము చావడిలో చిన్నపిల్లలను వరుసగా కూర్చుండబెట్టి పానా పట్టించువాడు వాడే. మొన్న ఒక ఆఱవ తరగతి బాలుడు తన బండి చూపుచు, "బాగానే పట్టుచున్నది, అన్నా" అనగా, వాడు నవ్వక, ఆ తీగె కొనను వెలుతురునకు త్రిప్పి పట్టి, "పోగులు లెక్కపెట్టు, తమ్ముడూ" అనెను. మేము ప్రక్కన నిలిచి వింటిమి. ఆ చిన్నవాడు పదునేడు వఱకు లెక్కించి ఆగిపోయెను. ఆ సాయంకాలమే క్రొత్త తీగె వేయించితిమి.